ఊపిరి నాదే, కొలబద్ద ఎవరిది?

ఈసారి వచ్చిన ఉత్తరం ఏడు పేజీలు, దానికి తోడు రెండు రిపోర్టుల ఫోటోలు. పేరు వద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

రాసినాయన వయసు 41, ఎత్తు 168 సెంటీమీటర్లు. భారతీయుడు. ఏడేళ్లుగా విదేశంలో ఒక ఫౌండ్రీలో పని. పోతపోసిన ఇనుప భాగాలకి అంటుకున్న ఇసుకని రాల్చి, గ్రైండర్‌తో నునుపు చేసే సెక్షన్. జీవితంలో సిగరెట్ ముట్టలేదు. ఐదేళ్ల కిందట కంపెనీ చేయించిన స్పైరోమెట్రీలో, అంటే గొట్టంలోకి ఊదే పరీక్షలో, నిండా పీల్చి మొత్తం ఊదిన గాలి 3.70 లీటర్లు వచ్చింది. ప్రెడిక్టెడ్ 4.10, అందులో మీకున్నది 90 శాతం, నార్మల్ అని రాశారు. ఈ ఏడాది కంపెనీ క్లినిక్‌ని మార్చింది. కొత్త చోట 3.40 వచ్చింది. ప్రెడిక్టెడ్ 4.70 అట. 72 శాతం. కింద ‘రెస్ట్రిక్షన్ ఉండవచ్చు, మాస్కు పనికి తగినవాడో కాదో డాక్టరు తేల్చాలి’ అని ఒక వాక్యం. రెస్ట్రిక్షన్ అంటే ఊపిరితిత్తులు నిండా విచ్చుకోకపోవడం. ఆ వాక్యం చదివిన దగ్గర్నుంచి ఆయనకి నిద్ర లేదు.

అక్కడి నర్సు ఓదార్పుగా ఒక మాట చెప్పిందట. “మీ పాత రిపోర్టులో ‘ఏషియన్’ అనే గడిలో టిక్ ఉంది. మేం ఆ గడి ఖాళీగా వదిలేశాం, ఖాళీగా ఉంటే మిషన్ తెల్లవాళ్ల లెక్కే తీసుకుంటుంది. కావాలంటే టిక్ పెట్టి మళ్లీ ప్రింట్ తీస్తాను, మెరుగ్గా వస్తుంది.” అదే సెక్షన్లో పనిచేసే బావమరిది “టిక్కేగా బావా, పెట్టించెయ్, ఉద్యోగం నిలుస్తుంది” అన్నాడు. ఆయన భార్యేమో పని మానేసి వెళ్లిపోదాం అంటోంది. ఈయన మనసులో ఇంకోటి మెదులుతోంది: “నా ఊపిరితిత్తులు పుట్టుకతోనే ఒక రకం తక్కువ అని నా చేత్తో నేను ఒప్పుకోవాలా? అలా ఒప్పుకుంటేనే నేను ఆరోగ్యవంతుణ్నా?”

ఇక ఆరో పేజీ అడుగున, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పిన మాటలా, రెండు పంక్తులు. నాలుగు నెలలుగా పొడిదగ్గు. పని ఉన్న రోజుల్లో వస్తుంది, పది రోజులు సెలవు పెడితే తగ్గింది. ఐదేళ్లలో 9 కిలోలు బరువు పెరిగారు. దగ్గు సంగతి ఆవిడకి చెప్పలేదు.

గడిలో టిక్ పెట్టించాలా వద్దా అన్నది ఆయన ప్రశ్న.

* * *

మీ ఉత్తరాన్ని చివరి పేజీ నుంచి వెనక్కి చదివితే అది వేరే ఉత్తరం అవుతుంది. ఆ దగ్గు దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు మిమ్మల్ని నిద్రపోనివ్వని ఆ 90, 72 సంగతి తేల్చుకుందాం.

90 నుంచి 72కి, అంటే 18 పాయింట్లు పడిపోయానని మీ బాధ. రిపోర్టుల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడండి. పాతదాంట్లో ఎత్తు 168. కొత్తదాంట్లో 172! “ఎత్తెంత అని అడిగారు, బూట్లతో నిలబడే ఉన్నాను, ఏదో చెప్పాను” అని మీరే రాశారు. ఈ పరీక్షలో నాలుగు సెంటీమీటర్లు చిన్న విషయం కాదు. ఎత్తు పెరిగేకొద్దీ మిషన్ ఆశించే గాలి అంతకు రెట్టింపు కన్నా వేగంగా పెరుగుతుంది. సరైన ఎత్తు వేస్తే ఆ 4.70 కాస్తా 4.45 దరిదాపుల్లోకి దిగుతుంది, మీ 72 శాతం 76 అవుతుంది. ఇప్పుడు పాత క్లినిక్ కొలబద్దతో ఈనాటి 3.40ని కొలవండి. ఆ కొలబద్ద ఆశించేది సుమారు 4 లీటర్లు, కాబట్టి 85 శాతం. అంటే 18 పాయింట్లలో నాలుగు తప్పు ఎత్తువి, తొమ్మిది మారిన కొలబద్దవి. మీ ఛాతీలో నిజంగా తగ్గింది ఐదు. ఇవి ఇంచుమించు లెక్కలే, కానీ ఊరట ఇవ్వడానికి చాలు. అయితే ఆ ఐదుని మాత్రం వదలను.

ఇంతకీ ఈ కొలబద్ద ఏమిటి? ‘ప్రెడిక్టెడ్’ అన్న మాటని మనం ‘ఉండవలసినది’ అని తెలుగు చేసుకుంటాం. సగం చిక్కు అక్కడే ఉంది. దాని అసలు అర్థం ‘మీలాంటివాళ్లకి సగటున ఉన్నది’ అని మాత్రమే. జబ్బు లేని, పొగ తాగని వేలమందిని ఊదించి, వయసు, ఎత్తు, ఆడా మగా అన్నవాటిని బట్టి ఒక సమీకరణం కడతారు. మీ వివరాలు అందులో వేస్తే ఒక సగటు వస్తుంది. ఆ సగటు చుట్టూ ఆరోగ్యవంతులే అటూ ఇటూ 20 శాతం దాకా చెదిరి ఉంటారు. అందుకే ఇప్పుడు 80 శాతం అనే మొండి గీతని పక్కనపెట్టి, ఆరోగ్యవంతుల్లో అట్టడుగు ఐదు శాతం ఎక్కడ మొదలవుతుందో అక్కడ గీత గీస్తున్నారు. రిపోర్టుల్లో జెడ్ స్కోరు, అంటే సగటు నుంచి ఎంత దూరంలో ఉన్నారో చెప్పే అంకె, మైనస్ 1.645 అని కనిపించేది అదే. ఆ లెక్కన ఏ జబ్బూ లేని ప్రతి ఇరవైమందిలో ఒకరు గీత కిందే ఉంటారు.

మరి ‘మీలాంటివాళ్లు’ అంటే ఎవరు? 1846లో లండన్‌లో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు 2,130 మందిని తన స్పైరోమీటర్‌లోకి ఊదించి లెక్కలు అచ్చువేశాడు. ఎత్తు ఒక అంగుళం పెరిగితే ఎనిమిది ఘనపు అంగుళాల గాలి ఎక్కువ వస్తుందని కనిపెట్టింది ఆయనే. జీవితబీమా కంపెనీలకి ఈ పరికరం పనికొస్తుందని ఆయన ఆశ. ఆయన పట్టికలు చూస్తే ముచ్చటేస్తుంది. నావికులు, పోలీసులు, అచ్చాపీసు పనివాళ్లు, నిరుపేదలు, మల్లయోధులు, పెద్దమనుషులు అని జనాన్ని చేసే పనిని బట్టి, బతుకుని బట్టి విడదీశాడు. అట్లాంటిక్ దాటగానే ఆ విభజన రంగు మీదికి మళ్లింది. అమెరికాలో బానిసల తోటల మధ్య వైద్యం చేసిన శామ్యూల్ కార్ట్‌రైట్ నల్లవాళ్ల ఊపిరి ఐదో వంతు తక్కువన్నాడు, దాన్ని బానిసత్వానికి సమర్థనగా వాడుకున్నాడు. అంతర్యుద్ధం తర్వాత 1869లో బెంజమిన్ గూల్డ్ సైనికుల కొలతలు ప్రచురించాడు. అందులోనూ నల్లవాళ్లకి తక్కువే వచ్చింది, వాళ్లు ఏం తిన్నారో, ఎలాంటి చోట పెరిగారో మాత్రం లెక్కలోకి రాలేదు. వందేళ్లు తిరిగేసరికి అది మిషన్లలో ఒక గడిగా స్థిరపడింది: నల్లవాళ్లైతే 10-15 శాతం తగ్గించు, ఆసియావాళ్లైతే అంతకన్నా కాస్త తక్కువగా తగ్గించు. మీరు అవమానంగా భావించింది ఈ గడినే. మీ మనసు ఊరికే నొచ్చుకోలేదు, దానికి చరిత్ర ఉంది.

కానీ ఇక్కడే మీతో కాస్త విభేదిస్తాను. చరిత్ర చెడ్డదైనంత మాత్రాన తేడా కట్టుకథ అయిపోదు. 2013లో 17 దేశాల ఆరోగ్యవంతుల్ని, పొగ తాగనివాళ్లనే తీసుకుని పోల్చిన ఒక పెద్ద అధ్యయనంలో, వయసూ ఎత్తూ సరిచూసుకున్నాక కూడా, మొదటి సెకనులో ఊదే గాలి దక్షిణాసియా మగవాళ్లలో ఉత్తర అమెరికా, యూరప్‌ వాళ్లకన్నా సుమారు 31 శాతం తక్కువ తేలింది. అందులో కొంత శరీర నిర్మాణం. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవు, మరొకరికి మొండెం పొడవు ఉండవచ్చు, గాలి పట్టేది మొండెంలోని ఛాతీ కానీ కాళ్లు కావు. కూర్చున్నప్పటి ఎత్తు కొలిచి లెక్కేస్తే జనాల మధ్య తేడాలో కొంత భాగం మాయమవుతుంది. మిగతాదాంట్లో తక్కువ బరువుతో పుట్టడం, చిన్నతనపు తిండి, పదేపదే వచ్చిన ఛాతీ జబ్బులు, కట్టెల పొగ, ఊరి గాలి అన్నీ ఉన్నాయి. ఊపిరితిత్తులు ఇరవై దాటేదాకా పెరుగుతాయి. ఆ వయసులో పెరగాల్సినంత పెరగకపోతే తర్వాత పూడ్చుకోవడం కష్టం. పుట్టుకతో వచ్చిందెంత, పొగ తిన్నదెంత అని ఏ ఒక్కరి ఛాతీలోనూ గీత గీసి చూపలేం.

కాబట్టి ‘మీవాళ్లకి ఇది మామూలే’ అన్న మాటలో రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. మామూలు అంటే అందరికీ ఉన్నది. అందరికీ ఉన్నదల్లా ఆరోగ్యం కాదు. పొగ మధ్య పెరిగిన వెయ్యిమంది సగటుతో పోల్చి మీకు నార్మల్ అంటే, ఆ పొగని కూడా నార్మల్ అన్నట్టే. అలాగని ఇంకో ఖండం సగటుతో పోల్చి, నిక్షేపంగా ఉన్న మనిషిని రోగిని చేసి, పని తీసేసినా న్యాయం కాదు. రెండు వైపులా గొయ్యి ఉంది.

పైగా ఆ ‘ఏషియన్’ అన్న గడి మరీ మోటుది. 2012లో గ్లోబల్ లంగ్ ఫంక్షన్ ఇనిషియేటివ్ అనే అంతర్జాతీయ బృందం, జీఎల్ఐ అంటారు, 74,187 మంది కొలతలతో, 3 ఏళ్ల పిల్లల నుంచి 95 ఏళ్ల వృద్ధుల దాకా వర్తించే సమీకరణాలు ఇచ్చింది. అందులో తెల్లవాళ్లతో పోలిస్తే ఈశాన్య ఆసియావాళ్లకి ఈ ఊదిన గాలి నాలుగు శాతమే తక్కువ, ఆగ్నేయాసియావాళ్లకి పదకొండు శాతం. ఇద్దరూ ‘ఏషియన్’లే! మనకైతే అందులో సొంత గడే లేదు. భారత ఉపఖండం నుంచి ఇంకా కొలతలు కావాలని వాళ్లే రాసుకున్నారు. భారతీయుల్ని ‘ఇతరులు’ అన్న గడిలో వేస్తుంటారు. మన దేశంలో విడివిడిగా చేసిన సమీకరణాలూ ఉన్నాయి, ఉత్తరాదివి వేరు, పశ్చిమానివి వేరు, దక్షిణాదివి వేరు, ఒకదానితో ఒకటి అచ్చంగా సరిపోవు. చివరికి 2022లో జీఎల్ఐ అందరికీ కలిపి ఒకే సమీకరణం ఇచ్చింది. 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ అనే ఊపిరితిత్తుల వైద్యుల సంఘం జాతి గడి తీసేసి దాన్నే వాడమంది. దానితో కొలిస్తే మీ అంకె ఆ 76కీ 85కీ నడుమ ఎక్కడో పడుతుంది. అది కూడా ఒక సగటే, దైవవాక్కు కాదు.

ఇప్పుడు గడి సంగతి.

మీ బావమరిది చెప్పినట్టు టిక్ పెట్టించుకున్నారనుకోండి. నార్మల్ అని వస్తుంది. పని, ఓవర్‌టైమ్ ఎక్కడివక్కడ ఉంటాయి. కానీ ఆ కాగితం మీ ఫైల్లో ఉండిపోతుంది. రేపు నిజంగా దుమ్ము జబ్బు తేలి నష్టపరిహారం అడగాల్సి వస్తే, పక్కవాడికన్నా మీ గాలి ఇంకా ఎక్కువ పోతే గానీ జబ్బు లెక్కలోకి రారు. ఇది నా ఊహ కాదు. 1999లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆస్‌బెస్టాస్ కేసులు ఎదుర్కొంటున్న ఒక కంపెనీ, నల్లజాతి కార్మికులకి వేరే కొలమానం పెట్టాలని కోర్టుని కోరింది. గడి ఒక రోజు ఉద్యోగాన్ని కాపాడుతుంది, మరో రోజు హక్కుని కోస్తుంది.

టిక్ లేకుండా ఇప్పుడున్న రిపోర్టునే వదిలేస్తే? డాక్టరు మిమ్మల్ని పిలుస్తారు, బహుశా తేలేదాకా గ్రైండింగ్ నుంచి తప్పిస్తారు. ఓవర్‌టైమ్ పోవచ్చు. తప్పు ఎత్తుతో వచ్చిన 72 అనే అంకె మీ పేరు పక్కన శాశ్వతంగా ఉంటుంది. అయితే దానివల్ల మిగతా పరీక్షలకి తలుపు తెరుచుకుంటుంది, ఆ దగ్గు గురించి చెప్పడానికి ఒక కుర్చీ దొరుకుతుంది.

నా మొగ్గు మూడో దారి వైపు. పరీక్ష మళ్లీ చేయమని అడగండి, ఈసారి ఎత్తు కొలిచి. రిపోర్టులో ఏ సమీకరణం వాడారో పేరు రాయమనండి, లీటర్లూ జెడ్ స్కోర్లూ రెండూ వేయమనండి, వీలైతే కొత్త జీఎల్ఐ గ్లోబల్‌తోనూ పాత లెక్కతోనూ పక్కపక్కన. ఇది అడగడం ఏ దేశంలోనైనా రోగి హద్దుల్లోదే. దీనివల్ల మీకు అనుకూలంగా వస్తుందన్న హామీ లేదు, ఒక వారమో రెండు వారాలో అనుమానంలో గడపాలి. కానీ గడిలో ఏం రాయాలన్న బరువు మీ నెత్తి మీద నుంచి దిగుతుంది. రెండు కొలతలూ చూసి తేల్చడం డాక్టరు పని, మీ సంతకంది కాదు. అడిగితే ‘భారతీయుణ్ని’ అని చెప్పండి. నిజమే కదా. దాంతో ఏం చేయాలో మాత్రం వాళ్లు కాగితం మీద పెట్టాలి.

ఇప్పుడు ఆ ఐదు పాయింట్లు. వాటికి ఏ గడితోనూ పని లేదు, ఎందుకంటే ఇక్కడ మిమ్మల్ని పోల్చేది మీతోనే. 3.70 నుంచి 3.40. ఐదేళ్లలో 300 మిల్లీలీటర్లు. పెద్దవాళ్లలో వయసు ఒక్కటే ఏటా 25-30 దాకా తీసుకుపోతుంది, అంటే 150 దాకా. మిగిలిన 150? ఒకే రోజు, ఒకే గొట్టంలో ఊదిన రెండు మంచి ఊదుళ్ల మధ్యే 150 తేడాని ఒప్పుకుంటారు. మీ విషయంలో మిషన్లే వేరు. పైగా 9 కిలోల్లో ఎక్కువ భాగం పొట్టే అయితే, అది ఛాతీ అడుగున ఉండే ఊపిరి కండరాన్ని, డయాఫ్రమ్‌ని కిందికి దిగనివ్వదు. మొత్తం తగ్గుదల ఎనిమిది శాతం. కార్మికుల పరీక్షల్లో సాధారణంగా పది, పదిహేను శాతం దాటితే కంగారుపడతారు. కాబట్టి గంట మోగలేదు. కానీ రెండు చుక్కలతో గీత గీసి భవిష్యత్తు చెప్పలేం. మధ్య సంవత్సరాల్లో చేసిన పరీక్షల కాగితాలు మీ దగ్గర లేవన్నారు. కంపెనీ దగ్గర ఉంటాయి. ఈ వారమే రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి. మీకున్న ఆస్తుల్లో ఇప్పుడు అంతకు మించింది లేదు.

ఇక దగ్గు. మీరు పొట్టలో దాచుకుని చివర్న చెప్పిన ముక్క. మీ రిపోర్టులో మొదటి సెకను గాలి 2.80, మొత్తంలో అది 82 శాతం. ఈ నిష్పత్తి జాతిని బట్టి పెద్దగా మారదు, మీది బాగుంది, ఆ రోజు మీ శ్వాస గొట్టాలు మూసుకుపోలేదు. అయితే ఆ రోజుకి మాత్రమే. పని రోజుల్లో వచ్చి సెలవుల్లో తగ్గే దగ్గంటే పనిచోటి గాలి మీద అనుమానం పడాలి. ఫౌండ్రీ ఇసుకని పట్టి ఉంచడానికి కలిపే కొన్ని రసాయనాలు ఉబ్బసం తెప్పించగలవు. దీన్ని పట్టుకోవడానికి చవకైన పరికరం ఉంది, పీక్ ఫ్లో మీటర్. రోజుకి నాలుగుసార్లు ఊది, పని రోజుల్లోనూ సెలవుల్లోనూ కనీసం రెండు మూడు వారాలు అంకెలు రాస్తే, డాక్టరు ఆ గీత చూసి చాలా చెప్పగలరు. అక్కడ కూడా కొలబద్ద మీరే.

రెండోది ఇసుక ధూళి, సిలికా. ఇది మరీ మోసకారి. ఆ ధూళి వల్ల ఊపిరితిత్తులకి వచ్చే జబ్బు సిలికోసిస్. దాని మొదటి దశల్లో ఊదే పరీక్ష నార్మల్‌గానే ఉండవచ్చు. అంటే టిక్ పెట్టి తెచ్చుకున్న నార్మల్ మీకు ఏమీ చెప్పదు, మీ బావమరిది జేబులో ఉన్న నార్మల్ అతనికీ ఏమీ చెప్పదు. ఛాతీ ఎక్స్‌రే అడగండి, అతన్నీ తీయించుకోమనండి. మచ్చకి ఏ గడీ ఉండదు. అవసరమైతే డాక్టరు ఊపిరితిత్తుల మొత్తం ఘనపరిమాణం, వాయువు రక్తంలోకి ఎంత దిగుతోందో చూసే పరీక్షలూ రాస్తారు. ఊదే పరీక్షలో ‘రెస్ట్రిక్షన్’ అనిపించిన చాలామందికి మొత్తం కొలిస్తే మామూలుగానే ఉంటుంది. ఆ పరీక్షల ప్రామాణిక అంకెలు ఇంకా ఎక్కువగా యూరప్ మూలాలవాళ్లవే. ఈ చర్చ అక్కడా వస్తుంది, ఆశ్చర్యపోకండి.

మీ ఆవిడ చెప్పినట్టు మానేయడం? అది మీ ఇద్దరి నిర్ణయం, నేను వేలు పెట్టను. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. పరీక్షలేవీ లేకుండా వెళ్లిపోతే, ఏడేళ్ల దుమ్ముకి సాక్ష్యం కూడా అక్కడే వదిలేసి వెళ్లినట్టు. సిలికా జబ్బు పని మానేశాక కూడా పెరగగలదు. మానాలనుకున్నా రికార్డులు, ఎక్స్‌రే, ఏ పని ఎన్నాళ్లు చేశారన్న కాగితం చేతిలో పెట్టుకుని మానండి. కొనసాగాలనుకుంటే దుమ్ము కొలిచారా, నీళ్లు చల్లి గ్రైండింగ్ చేసే వీలుందా, మాస్కు మీ ముఖానికి సరిపోయిందో లేదో చూశారా అని అడగాలి. ఈ రెంటి మధ్య సెక్షన్ మార్పించుకోవడం అనే దారి కూడా ఉంది, జీతం కొంత తగ్గుతుందేమో కనుక్కోండి.

దగ్గు సంగతి ఆవిడకి తెలియదంటున్నారు. నాలుగు నెలలు పక్కన పడుకునే మనిషికి తెలియకపోవడమా? పని మానేద్దాం అని ఆవిడ ఊరికే అని ఉండదు.

మళ్లీ పరీక్షకి వెళ్లేటప్పుడు కడుపు నిండా తిని వెళ్లకండి, బెల్టు వదులు చేసుకోండి. టెక్నీషియన్ “ఇంకా, ఇంకా, ఇంకా” అని అరుస్తుంటే నామోషీ పడకుండా, ఇక రాదు అనిపించాక కూడా ఊదండి. మధ్యలో ఆపేస్తే లీటర్లు అన్యాయంగా తగ్గుతాయి. కనీసం మూడు మంచి ఊదుళ్లు రావాలి. ఎత్తు కొలిచేటప్పుడు బూట్లు విప్పండి. ఫలితం వచ్చాక నాకు మళ్లీ రాయండి, శాతం వద్దు, లీటర్లు రాయండి.